రాత ఎక్కడి దాకా?

మా ఉట్నూర్ వైపు మనిషి పాలిపోయి, నాలుగడుగులకే ఆయాసపడితే ‘రక్తం తక్కువైంది’ అంటారు. చాలాసార్లు ఐరన్ మాత్రలతో సరిపోతుంది. సికిల్ సెల్ అయితే వంశంలోంచి వస్తుంది. అప్లాస్టిక్ అనీమియా ఈ రెండూ కాదు. ఎక్కువమందిలో, ఒంటిని కాపాడాల్సిన టీ కణాలే ఎముక మజ్జలోని మూలకణాల మీద పడతాయి. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోతాయి. ఎందుకు మొదలైందో చాలామంది విషయంలో డాక్టర్లూ చెప్పలేరు. ఇంట్లోవాళ్లు ‘రాత’ అంటే ఏమని కాదంటాం?

1888లో పాల్ ఎర్లిక్ ఈ జబ్బును వర్ణించేనాటికి చేయగలిగిందేమీ లేదు. అప్పుడది రాతే. 2022లో వచ్చిన ‘రేస్’ ట్రయల్ సంగతి వేరు. గుర్రాల్లో తయారయ్యే ఏటీజీ, దానితో సైక్లోస్పోరిన్: ఈ పాత జోడీకి ఎల్‌ట్రోంబోపాగ్ మాత్ర కలిపితే, ఆరు నెలలకు చికిత్సకు స్పందించినవాళ్లు 41 శాతం నుంచి 68కి పెరిగారు. నూటికి ఇంకో 27 మంది ‘రాత’లోంచి బయటపడ్డట్టు.

దురదృష్టానికీ అన్యాయానికీ మధ్య గీత స్థిరంగా ఉండదని జూడిత్ ష్క్లార్ 1990లో ‘ది ఫేసెస్ ఆఫ్ ఇన్‌జస్టిస్’లో వాదించింది. నాకు అర్థమైనంతలో, ప్రతి మంచి ట్రయల్ ఆ గీతను కాస్త జరుపుతుంది. మందే లేకపోతే దురదృష్టం. ఉండీ అందకపోతే?

అయితే ‘మందు ఉంది’ అనే మాట కింద చాలా డిపెండెన్సీలున్నాయి (ఉద్యోగం నేర్పిన మాట, ఏమనుకోకండి). ప్లేట్‌లెట్ల సంచి 20–24 డిగ్రీల దగ్గర, ఆగకుండా ఊగుతూ, మామూలుగా ఐదు రోజులే ఉంటుంది. తెల్ల కణాలు బాగా పడిపోయిన మనిషికి జ్వరమొస్తే గంటలోపు యాంటీబయాటిక్ పడాలంటాయి మార్గదర్శకాలు. ఉట్నూర్ నుంచి ఆదిలాబాదే 50 కిలోమీటర్లు, హైదరాబాద్ దాదాపు 300. లోపలి గూడేల్లోనైతే వానాకాలంలో ఆ గంట వాగు ఒడ్డునే అయిపోతుంది. ఆ 68 శాతం, వాగు దాటక్కర్లేని వాళ్ల లెక్క.

పది లక్షల మందిలో ఏటా కొద్దిమందికొచ్చే జబ్బు కోసం ఊరూరా హెమటాలజిస్టునా అని ఒక ఫ్రెండ్ అడిగాడు. ఆ డబ్బుతో ఎన్ని సికిల్ సెల్ పరీక్షలు చేయొచ్చో కూడా చెప్పాడు. లెక్క సరైనదే. కానీ నేనడిగేది హెమటాలజిస్టుని కాదు. ఆ గంట ఈ జబ్బొక్కదానిదే కాదుగా. కాన్పులో రక్తం ఆగని మనిషికీ, పాము కరిచిన రైతుకీ అదే గంట, అదే వాగు. ‘అరుదైన జబ్బు’ అనే సమాధానం హెమటాలజిస్టు వరకే చెల్లుతుంది. వంతెనకి చెల్లదు.