వాడిపోని పువ్వు దేవుడికి ఎందుకు?

మా ఫ్లాట్‌లో దేవుడి అల్మరాకి రెండేళ్లుగా ప్లాస్టిక్ బంతిపూల దండే. వాడదు, రాలదు, ఆఫీసు హడావుడిలో పువ్వుల కోసం కిందికి దిగక్కర్లేదు. ఊరి నుంచి వచ్చిన అమ్మ దాన్ని చూసి, "వాడిపోతుందని భయమైతే అసలు పెట్టడం ఎందుకురా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ మాట మళ్లీ ఒక బొమ్మ చూస్తుంటే గుర్తొచ్చింది. రేచల్ రూయిష్ (1664–1750) నెదర్లాండ్స్ చిత్రకారిణి. ఎనభై దాటాక కూడా పూల బొమ్మలు వేసింది. ఆమె తండ్రి చనిపోయిన శరీరాలు కుళ్లకుండా భద్రపరచడంలో పేరుమోసిన శాస్త్రవేత్త. కూతురు కుంచెతో అదే పని చేసిందా? మొదట అలాగే అనిపిస్తుంది. ఆ కాలపు డచ్ పూల బొమ్మల్లో వేర్వేరు ఋతువుల్లో పూసే పూలు ఒకే కూజాలో కనిపిస్తాయి. నిజంగా అలాంటి గుత్తి ఏ ఇంట్లోనూ ఉండదు.

కానీ దగ్గరగా చూడండి. ఒక ఆకుకి పురుగు తిన్న చిల్లు. ఒక కాడ వంగిపోయింది. ఒక పువ్వు రేకులు రాలడానికి సిద్ధంగా ఉన్నాయి. కాలాన్ని ఆపగలిగిన చెయ్యి ఆ చిల్లు వెయ్యకుండా వదిలెయ్యొచ్చు. అయినా వేసింది. ఈ లోకపు సొగసు నిలవదనే బైబిల్ నీతిని అప్పటివాళ్లు ఇలాంటి బొమ్మల్లో చూసుకునేవారు.

నాకు మాత్రం అమ్మ ప్రశ్న కనిపించింది. ఆ బొమ్మలో పువ్వూ వాడదు, నా దండా వాడదు. మరి తేడా ఏంటి? పువ్వు వాడుతుందన్న నిజాన్ని బొమ్మ చూపిస్తుంది, దండ దాచేస్తుంది.

నిలవనిదానికి విలువ లేదా? గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు భక్తితో ఇస్తే ఆకు, పువ్వు, పండు, నీళ్లు చాలంటాడు. ఎన్నాళ్లు నిలుస్తాయని అడగడు. నిన్నటి పువ్వుని మనం నిర్మాల్యం అంటాం, ఎవరూ తొక్కని చోట వేస్తాం. పోతుందని తెలిసే ఇస్తాం. అది వాడుతుంది కాబట్టే రేపు మళ్లీ ఇంకో పువ్వుతో రెండు నిమిషాలు దేవుడి ముందు నిలబడతాం. నా దండ నాకు టైమ్ మిగిల్చింది నిజమే. మిగిల్చింది ఆ రెండు నిమిషాలనే.

ఇప్పుడు బాల్కనీలో నందివర్ధనం కుండీ ఉంది. కొన్ని రోజులు ఒక్క పువ్వే పూస్తుంది. పువ్వే లేని రోజు గ్లాసుడు నీళ్లు పెడతాను. సాయంత్రం దీపం పెట్టేటప్పటికి ఆ తెల్ల రేకుల అంచులు వడలిపోయి ఉంటాయి. ఇదివరకైతే వెంటనే తీసేసేవాణ్ణి. ఇప్పుడు కాసేపు చూస్తూ కూర్చుంటున్నాను.