చాపకూడు బాకీ

పల్నాటి యుద్ధం గురించి మాట మొదలైతే చివరికి ఒక్క ప్రశ్న దగ్గరే ఆగుతాం: తప్పు బ్రహ్మనాయుడిదా, నాగమ్మదా? మాది సముద్రం ఒడ్డున కొత్తపట్నం. కారంపూడి మాకు దగ్గరేమీ కాదు. అయినా ఇంట్లో గట్టిగా మాట్లాడే ఆడమనిషిని 'నాయకురాలు నాగమ్మ' అనడం మా వైపూ ఉంది. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి వేసిన నాగమ్మలని చూసి తీర్పు చెప్పినవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం ఆ తగువు కంటే ఇంకో ప్రశ్న ముఖ్యమనిపిస్తుంది. నాయకుణ్ణి నమ్మి వెనక నడిచినవాళ్ళకి ఆ నాయకుడు ఏం బాకీ పడతాడు?

కథ తెలిసిందే. పన్నెండో శతాబ్దం చివర, 1182 ప్రాంతం. ఒకే తండ్రికి వేర్వేరు తల్లుల బిడ్డలు నలగామరాజు, మలిదేవుడు. గురజాలలో ఆయన, మాచర్లలో ఈయన. ఆయనకి మంత్రి నాగమ్మ, ఈయనకి బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్ళు ఏడేళ్ళు వలస పోయారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్ళిన అలరాజుకి విషం పెట్టారు. అలరాజు నలగామరాజుకి స్వయానా అల్లుడు. ఆ తర్వాత కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున అన్నదమ్ముల సైన్యాలు కొట్టుకుని చచ్చాయి. ఇందులో చరిత్ర ఎంత, కథ ఎంత అని విడదీయడం కష్టం. శ్రీనాథుడిదని చెప్పే ద్విపద కావ్యం యుద్ధం జరిగిన రెండు శతాబ్దాల తర్వాతది. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని అచ్చువేయించింది 1911లో. అంతకుముందూ ఆ తర్వాతా కథని బతికించింది వీరవిద్యావంతుల గొంతులే. కాబట్టి నేను మాట్లాడేది జనం గుర్తుంచుకున్న నాయకుల గురించి.

ఆ జ్ఞాపకంలో నాకు బాగా నచ్చేది చాపకూడు. అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాపమీద కూచోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టించాడు. మాలవాడైన కన్నమదాసుని కొడుకన్నాడు, సేనాపతిని చేశాడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఇంత మాట ఊహించడమే గొప్ప. కానీ అక్కడే నాకు మనసు ఒప్పుకోదు. తగువు దేనికోసం? మాచర్ల గద్దె మీద ఎవరు కూచోవాలని. మలిదేవుడు గెలిస్తే గద్దె మలిదేవుడికి వస్తుంది. చాపమీద కూచున్నవాళ్ళకి ఏమొస్తుంది? కలిసి తినే హక్కుతో పాటు, అన్నదమ్ముల పంపకాల తగువులో కలిసి చచ్చే హక్కు కూడా వచ్చింది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ లెక్క కొంచెం తెలుసు. 'మనమంతా ఒకే ఫ్యామిలీ' అనే మాట మీటింగులో వినబడిందంటే ఆ శని, ఆదివారాలు పోయినట్టే. పోలిక చిన్నదే, మాకు పోయేది సెలవు మాత్రమే. కానీ ఆప్యాయత ఎలా అప్పుగా మారుతుందో అర్థం చేసుకోవడానికి సరిపోతుంది.

దీనికి ఒక గట్టి జవాబు ఉంది. వాళ్ళేమీ మోసపోలేదు, తమని మనుషులుగా చూసినవాడి కోసం ఇష్టపడి కత్తి పట్టారు, వాళ్ళని అమాయకులనడం మళ్ళీ వాళ్ళని తక్కువ చేయడమే కదా అని. ఒప్పుకుంటాను. కన్నమదాసు తెలివితక్కువవాడని నేను అనను. కానీ అనుచరుడు ఇష్టపడి వచ్చినంత మాత్రాన నాయకుడి బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. జీతానికి వచ్చినవాడు తన లాభనష్టాలు తనే చూసుకుంటాడు. ప్రేమకొద్దీ వచ్చినవాడు చూసుకోడు. వాడి తరఫున ఆ లెక్క నాయకుడే వెయ్యాలి. అవసరమైతే వాడి తరఫున యుద్ధం వద్దని కూడా తనే చెప్పాలి.

కథలో ఆ అవకాశం వచ్చింది కూడా. కారంపూడిలో సంధి మాటలు నడిచాయి, బ్రహ్మనాయుడు అటే మొగ్గాడు. కొడుకు బాలచంద్రుడు ఒప్పుకోలేదు. కొడుకు పౌరుషం ముందు తండ్రి వివేకం నిలబడలేదు. మనం ఇప్పటికీ ఆ పౌరుషాన్నే పాడుకుంటాం.

ఆ బాలచంద్రుడే యుద్ధానికి పోతూ ఒక పని చేశాడు. తన వెంట వస్తున్న నేస్తాల్లో అనపోతు బ్రాహ్మణుడు. బ్రాహ్మణుడు యుద్ధంలో పోతే పాపమని, ఏదో వంకతో అతన్ని ఇంటికి పంపించి తను ముందుకు సాగిపోయాడు. సంగతి తెలిసిన అనపోతు ప్రాణం తీసుకున్నాడు. ఈ ఘట్టాన్ని స్నేహానికి గుర్తుగా చెప్తారు. నాకు అందులో ఇంకోటి కనిపిస్తుంది. మిగతా కులాల నేస్తాలు చస్తే పాపం లేదా? ఒకే చాపమీద తిన్నవాళ్ళ చావులకి కూడా హెచ్చుతగ్గులు ఉన్నాయన్నమాట. అనపోతు మాత్రం ఆ మినహాయింపు తీసుకోలేదు.

చివరికి ఏమైంది? బాలచంద్రుడు పోయాడు. బ్రహ్మనాయుడు నలగామరాజునే మళ్ళీ గద్దెనెక్కించి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు. అంత నెత్తురు పారాక పాత రాజే రాజు. అమెరికా అంతర్యుద్ధంలోనూ ఇంతే. ఆరు లక్షలకు పైగా సైనికులు చచ్చారు. ఓడిన పక్షం అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ రెండేళ్ళు జైల్లో ఉండి, విచారణ లేకుండానే బయటికొచ్చి 1889 దాకా బతికాడు. సేనాని రాబర్ట్ లీ యుద్ధం ముగిసిన 1865లోనే ఒక కాలేజీకి పెద్ద అయ్యాడు. నాయకులకి పశ్చాత్తాపపడటానికో, పేరు సర్దుకోవడానికో కాలం మిగులుతుంది. వెనక నడిచినవాళ్ళకి అది కూడా మిగలదు.

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. ఐదు రోజుల్లో మందపోరు నాడు ఇప్పటికీ చాపకూడు పెడతారు. యుద్ధం లేకుండా కూడా ఆ అన్నం పెట్టొచ్చని ఆ ఊరే చూపిస్తోంది. అదే పల్నాట్లో, 2024 ఎన్నికలప్పుడు మాచర్ల హింసతో వార్తల్లోకెక్కింది. 'మా నాయకుడు' అంటూ రోడ్డెక్కినవాళ్ళే దెబ్బలు తింటారు, కేసులూ వాళ్ళే మోస్తారు.

అందుకే ఏ నాయకుణ్ణి చూసినా ఎంతమంది వెంట ఉన్నారనేది నాకు కొలత కాదు. తనకోసం వచ్చినవాళ్ళలో ఎంతమందిని ఇంటికి పొమ్మన్నాడో చూస్తాను. బాలచంద్రుడికి ఒక్కణ్ణి వెనక్కి పంపాలని తోచింది. ఆ ఒక్కడి విషయంలో తోచింది అందరి విషయంలోనూ తోచి ఉంటే నాగులేటి ఒడ్డున యుద్ధమే ఉండేది కాదు.