మీట ఎన్నిసార్లు నొక్కుతాం?



ఉపాసకులారా, ఉపాసికలారా! 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనవాళ్ల చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టననేది ఒకటి. పంచశీలలో ఐదవ శీలమూ అదే. ప్రతిజ్ఞ పలికి, సాయంత్రానికి బెల్టు షాపు దగ్గర కనిపించినవాణ్ణి చూసి "వాడికి సిగ్గు లేదు" అనేస్తాం. తీర్పు చెప్పే ముందు పరీక్షించి చూడమంటుంది ధమ్మం.

మత్తు పట్టును శాస్త్రజ్ఞులు ఎలా కొలుస్తారో చూడండి. ఎలుక నరానికి సన్నని గొట్టం అమర్చి బోనులో ఉంచుతారు. మీట నొక్కితే మందు రక్తంలోకి పోతుంది. ఆపైన ధర పెంచుతూ పోతారు. మొదట ఒక్కసారి నొక్కితే చాలు, తర్వాత రెండుసార్లు, నాలుగుసార్లు, ఇంకా ఎక్కువ. ఎలుక ఎక్కడ ఆగిపోతుందో అదే ఆ మందు పట్టుకు కొలత. మన ఇంట్లోనూ ధర ఇలాగే పెరుగుతుంది. మొదట రోజుకూలి, తర్వాత పిల్లల ఫీజు, ఆ తర్వాత ఇంటామె చెవికమ్మలు.

ఇంకో పరీక్ష. మందు రాకుండా చేస్తే కొన్నాళ్లకు ఎలుక మీట వదిలేస్తుంది. కానీ మందుతోపాటు వెలిగే దీపాన్ని మళ్లీ వెలిగిస్తే, మందు రాకపోయినా మీట నొక్కడం మొదలెడుతుంది. బుద్ధుడు చెప్పిన వరస ఇదే కదా: స్పర్శ, వేదన, తృష్ణ, ఉపాదానం. మనిషికి ఆ దీపం పాత దోస్తు పిలుపు, కూలి డబ్బులందే రోజు.

1970ల చివర కెనడాలో బ్రూస్ అలెగ్జాండర్ బృందం కొన్ని ఎలుకలను ఒంటరి బోన్లలో, కొన్నిటిని తోటి ఎలుకలతో విశాలమైన చోట ఉంచింది. మార్ఫిన్ కలిపిన తీపినీళ్లు ఒంటరివే ఎక్కువ తాగాయి. తర్వాత ఇతరులు చేస్తే ప్రతిసారీ అదే ఫలితం రాలేదు. అదీ దాచకుండా చెప్పుకోవాలి. ఎలుకా మనిషీ ఒకటి కాదు. ఆ మూగజీవాల బాధనూ మరువరాదు. అయితే ఎదుట మరో మంచి దారి ఉంటే మందు పట్టు సడలుతుందని చాలా పరీక్షల్లో తేలింది.

వెలివాడ కూడా ఒక బోనే. అందులో పెట్టి, ముంగిట్లో సారా పెట్టి, "వీళ్లంతా తాగుబోతులు" అన్నారు. ఆ బోను బద్దలు కొట్టడానికే బాబాసాహెబ్ మనకు సంఘాన్ని ఇచ్చారు.

కాబట్టి తాగే తమ్ముణ్ణి వెలివేయకండి. సాయంత్రం విహారానికి పిలవండి, పక్కన కూర్చోబెట్టుకోండి. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు దగ్గరికి మీరే తోడు వెళ్లండి. శీలం అతను పాటించాలి, తోడు మనం ఉండాలి.

జై భీమ్!