నానమ్మ వృత్తంలో ఏం రాయాలి?

మావాడికి ఏడేళ్లు. చదవడంలో ఇబ్బంది పడుతున్నాడని హైదరాబాద్‌లో ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ ముందుగా తెల్లకాగితం మీద మా వంశాన్ని గీయడం మొదలుపెట్టింది. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి వృత్తం, పోయినవాళ్ల మీద ఇంటూ గుర్తు. జెనోగ్రామ్ అంటారు. మోనికా మెక్‌గోల్డ్రిక్, రాండీ గెర్సన్ 1985లో తెచ్చిన పుస్తకంతో బాగా వాడుకలోకి వచ్చిన పద్ధతి. డిస్లెక్సియా కుటుంబాల్లో నడిచే అవకాశం ఎక్కువ కాబట్టి "మీ ఇంట్లో చదవడం రానివాళ్లెవరైనా ఉన్నారా?" అని అడగడం న్యాయమే.

కానీ మాది మరిపెడ, ఒకప్పటి వరంగల్ జిల్లా. ఆ ప్రశ్నకి జవాబు ఎక్కడ మొదలుపెట్టాలి? నానమ్మ జన్మలో పలక పట్టలేదు. ఆమె వృత్తాన్ని కౌన్సెలర్ ఖాళీగా వదిలేసింది. ఆ ఖాళీకి "ఇబ్బంది లేదు" అని అర్థం కాదు, "ఎవరూ చూడలేదు" అని. నల్‌ని ఫాల్స్‌గా చదివే కోడ్‌ని మా ఆఫీసులో ఎవరూ ఒప్పుకోరు. బడే లేని తరంలో ఆ కాగితం చూపించేది మెదళ్లని కాదు, బడి ఎవరి గడప దాకా వచ్చిందో.

చిన్నాయన సంగతి వేరు. ఆయన బడికి పోయాడు, ఒకే తరగతిలో రెండేళ్లు కూచున్నాడు, మొద్దు అనిపించుకుని బయటికొచ్చాడు. ఇప్పుడు బోరు మోటార్లు బాగుచేస్తాడు. చప్పుడు వినే బేరింగు పోయిందని చెప్పేస్తాడు. ఆయన గడి నింపితే మావాడికి మేలే, "ఇది నీ బద్ధకం కాదురా, ఇంట్లో ఉన్నదే" అని చెప్పొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. మరి చిన్నాయనకి? ఎవరూ పరీక్షించని మనిషికి, ఆయన ఎదురుగా లేనప్పుడు, నా జ్ఞాపకం మీద ఆధారపడి రోగం పేరు పెట్టడమేగా. పైగా ఈ పద్ధతిలో గడి ఎడమ సగం నలుపైతే తీవ్రమైన జబ్బు, కింది సగం నలుపైతే తాగుడులాంటి వ్యసనం. ఆ వరసలో ఆయన్ని ఎందుకు కూచోబెట్టాలి? (కూనపులివాళ్లు పటం విప్పి పద్మశాలీల పుట్టుక చెప్పినప్పుడు గొప్పలే పటానికెక్కుతాయి. అదో రకం అబద్ధం, అది వేరే సంగతి.)

ఆయన్నే అడుగుదామని ఫోన్ చేశాను. విషయం అర్థమయ్యేలా చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. కాసేపు ఏం మాట్లాడలేదు.

"గట్లయితే మా సారు నన్ను గన్ని దినాలు ఎందుకు కొట్టిండ్రా?"

నేనేం చెప్పలేకపోయాను. "పోరనికి అక్కరకొస్తదంటే రాస్కో" అని, ఎవరో మోటారు తెచ్చారని ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ వెళ్లినప్పుడు ఆయన గడిని నలుపు చెయ్యొద్దని, పక్కన "చదవడంలో ఇబ్బంది, తనే చెప్పాడు" అని పెన్సిల్‌తో రాయమన్నాను. నానమ్మ వృత్తం పక్కన "బడి లేదు" అని రాయించాను. అలాంటి గుర్తేమీ లేదంది కౌన్సెలర్. అయినా రాసింది.