ఎవరి చేతి పని?

అమెరికా పాఠశాలలలో భౌతికశాస్త్రము బోధించువారు విద్యార్థులకు ఒక వింత పనిని అప్పగించుచుందురు. ఎలుకల బోనులోని స్ప్రింగు ఒక్కటే శక్తిగా నడచు చిన్న బండిని వారు చేయవలెను. ఇల్లినాయ్ వాసియైన విలియం హుకర్ స్ప్రింగు బోనుకు 1894లో పేటెంటు పొందెను. ప్రాణము తీయుటకు పుట్టిన ఆ సాధనము తరగతి గదిలో చక్రములను త్రిప్పును.

దాని విధానము సులభము. బోను కమ్మికి ఒక కడ్డీని కట్టి, కడ్డీ కొనకు కట్టిన దారమును వెనుక ఇరుసుకు చుట్టుదురు. స్ప్రింగు విడివడగా కడ్డీ అర్ధవృత్తముగా తిరిగి దారమును లాగును. కడ్డీ 10 సెం.మీ. అయినచో దారము సుమారు 20 సెం.మీ. వచ్చును. ఇరుసు మందము 6 మి.మీ., చక్రముల వ్యాసము 12 సెం.మీ. అయిన యెడల బండి దారము లాగుచున్నంతసేపు 4 మీటర్లు పోవును. కడ్డీని 30 సెం.మీ. చేసిన 12 మీటర్లు పోవును. స్ప్రింగు శక్తి వీసమైనను పెరుగలేదు. లాగు బలము తగ్గి, దూరము పెరిగినది. కడ్డీ మితిమీరి పొడవైనచో బండి కదలనే కదలదు. ఆ మితమును చేసి చూచియే తెలిసికొనవలెను.

ఇట్టి బండి రెండు మీటర్లలోనే ఆగిపోయి, బిడ్డ కన్నులు చెమర్చినవనుకొందము. చక్రము చట్రమునకు రాచుకొనుచున్నదని తండ్రి క్షణములో కనిపెట్టెను. ఆయన చేయి చాపవచ్చునా? తెలిసియు ఊరకుండుట నిర్దయ కాదా యని కొందరందురు. ఈ మాటలో బలము లేకపోలేదు. అయితే ఉపాధ్యాయుడు బిడ్డకిచ్చినది బండి ఏల ఆగెనను ప్రశ్న. తండ్రి చక్రమును సరిచేసిన క్షణమున బండికి దూరము కలిసివచ్చును, ప్రశ్న బిడ్డ చేజారిపోవును.

మరియొక సంగతి. ప్రతి బిడ్డకును ఒక్క స్ప్రింగే యని నియమము. తండ్రి నేర్పు రెండవ స్ప్రింగు. అట్టి తండ్రి లేని కూలివాని బిడ్డ తన చేతులతో చేసికొని వచ్చి వెనుకబడును. మన దేశములోను సైన్సు ప్రదర్శనలలో పెద్దల చేతిపని పిల్లల పేరిట బల్లలమీద నిలుచుట మనమెరుగని సంగతి కాదు.

అట్లని పెద్దలు లేచిపోరాదు. బోను కమ్మి వ్రేళ్లమీద పడిన గాయపరచును. దానిని ఎక్కుపెట్టునప్పుడు తండ్రి ప్రక్కన నుండవలెను. హానినుండి కాపాడుట ధర్మము. ఓటమినుండి కాపాడుట అపహరణము. ఈ రెంటి నడుమ చేయదగిన సహాయమొకటి కలదు: “చక్రమును వ్రేలితో త్రిప్పి చూడు నాన్నా, ఎక్కడ పట్టుచున్నది?” అని అడిగి, బిడ్డ జవాబు కనుగొనువరకు ఓపికతో కూర్చుండుట. ఆ సాయంకాలము బండి మూడు మీటర్లే పోయినను, పెరిగిన ఆ యొక్క మీటరు బిడ్డదే.