చెరువుకు మందు, గట్టు మీద మాట

గుర్రపు డెక్క కప్పేసిన చెరువును చూడగానే మా చిత్తూరు జిల్లా పూతలపట్టు వైపు ఎవరో ఒకరు అంటారు: "మందు కొడితే పది దినాల్లో సాఫు." ఆ మాట వింటే గాలం వేసేవాళ్లకు దిగులు పుడుతుంది. పనిలేనివాళ్ల సరదాకు ఇంత గోల ఎందుకని ఆ దిగులును కొట్టిపారేస్తారు. నేను గాలం వేసేవాణ్ణి. చెరువులో కలుపుమందు కొట్టకూడదన్నది నా పక్షం. దాన్ని దాచుకుని మధ్యవర్తిలా మాట్లాడను. మా మామ ఆయకట్టు రైతు. తూము కింద వరి, పక్కన చెరుకు, నీళ్లు మిగిలిన ఏడాది టమోటా. ఆయనదీ నాదీ ఒకే చెరువు. మా మధ్య నడిచిన మాటలు ఇవి.

మామ: అల్లుడా, నువ్వు ఊరికే అడ్డం పడతా ఉండావు. తూము కాడ డెక్క అడ్డుకుని కాలవకు నీళ్లు ఎక్కడం లేదు. పొద్దు గూకితే దోమలు. ఎనుములు నీళ్లలో దిగడానికి కూడా జంకుతా ఉండాయి. ఒక్క తూరి మందు కొడితే పోతాది కదా.

నేను: యాడికి పోతుంది మామా?

మామ: యాడికేంది? మాడిపోతాది.

నేను: మాడింది మునుగుతుంది. మునిగింది చెరువు అడుగునే ఉంటుంది. నువ్వు మడిలో కలుపును బురదలోకి తొక్కేస్తావే, అది ఏమవుతుంది?

మామ: కుళ్లి ఎరువవుతాది.

నేను: చెరువులోనూ అంతే. ఆ ఎరువు తిని పెరిగే పంట మళ్లీ డెక్కే. దాని గింజ బురదలో 15 ఏళ్లకు పైగా చావకుండా ఉంటుంది. ఎగువ మడుల్లో యూరియా, డీఏపీ కొట్టుకొచ్చి చేరేది చెరువులోకే, ఊరి మురుగు దిగేదీ చెరువులోకే. డెక్క దాన్నంతా పీల్చి ఆకు చేసి మన కళ్ల ముందు పెట్టింది. దాన్ని గట్టు మీదికి లాగితే ఆ మురుగులో కొంత చెరువును వదిలిపోతుంది. మందు కొడితే ఒక్క పిడికెడు కూడా బయటికి రాదు. పచ్చగా కనబడేది నల్లగా అడుగుకు చేరుతుంది, అంతే.

మామ: అది సరే. చేపకేమి? చేపకు ప్రమాదం లేదని మందుల అంగడాయన చెప్పినాడు.

నేను: మందు తగిలి చేప చావకపోవచ్చు. ఊపిరాడక చస్తుంది. కుళ్లే ఆకు నీటిలోని ప్రాణవాయువును మింగేస్తుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో నిలిచే ప్రాణవాయువే తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు నిలిస్తే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి నిలవదు. అది 3కు దిగితే బొచ్చె, రోహు తట్టుకోలేవు. మన చెరువులు కార్తీక వానలకు నిండి ఎండాకాలానికి అడుగంటుతాయి. ఆ కొద్దిపాటి వేడినీళ్లలో చెరువంతా ఒక్కసారే కుళ్లితే ఏం కావాలి? తెల్లవారకముందు వచ్చి చూడు. రాత్రంతా నాచు కూడా ప్రాణవాయువు తీసుకుంటుంది కాబట్టి ఆ వేళకు ఉన్నది కాస్తా అయిపోతుంది. బొచ్చెలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఆ వేళప్పుడు గట్టు మీద ఉండేది గాలం కర్ర పట్టుకున్నవాడే. మందు కొట్టినవాడు ఉండడు.

మామ: డెక్క కప్పేసినా చేపకు ఊపిరాడదు కదబ్బా?

నేను: ఆడదు. డెక్క మీద నాకేమీ ప్రేమ లేదు. చెరువంతా కప్పితే నా గాలం పడేదానికీ జాగా ఉండదు. తీసెయ్యాలనే నేనూ అంటున్నాను. చంపి లోపలే వదిలిపెట్టొద్దు అంటున్నాను.

మామ: కొంచెం కొంచెంగా కొడితే?

నేను: అమెరికాలో డబ్బాల మీదే అట్లా రాసుంటుంది. చెరువులో మూడో వంతో సగమో కొట్టి, 10 నుంచి 14 దినాలు ఆగి, తర్వాత మిగతాది కొట్టాలని. బాడుగకు యంత్రం తెచ్చినవాడు రెండు వారాలు ఆగి మళ్లీ వస్తాడా?

మామ: రాడులే. అది ఒప్పుకుంటా.

అసలు ప్రశ్నను ఆయన అప్పటిదాకా దాచిపెట్టుకున్నాడు.

మామ: ఒకటడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. చేపను గాలానికి గుచ్చి చంపేది నువ్వు. చేప చస్తాదని ఏడ్చేదీ నువ్వే. ఆ రెండు మాటలూ ఒక నోట్లో ఎట్లా పట్టినాయి?

మిగతా ఆక్షేపణలకు లెక్కలు చెప్పి తప్పించుకోవచ్చు. దీనికి కుదరదు. ఇది ధర్మానికి సంబంధించింది, నిదానంగా జవాబు చెప్పాల్సింది.

నేను: చంపుతాను మామా, కాదనను. కానీ గాలం వేసేవాడు ఒక చేపను కోరుకుంటాడు. అది ఏ ఎర తింటుందో, ఏ వేళకు ఏ తుంగ పక్కన తిరుగుతుందో తెలుసుకుని కోరుకుంటాడు. బెండు మునిగాక పైకి తీసి చేత్తో పట్టుకుంటాడు. అది కొట్టుకునేది చూస్తాడు. కూరకు సరిపోతే ఉంచుకుంటాడు, పిల్లదైతే నీళ్లలో వదులుతాడు. తాను ఏం చేశాడో వాడికి తెలుసు. మందు కొట్టేవాడికి చేపతో పనే లేదు. తన చేతిలోంచి ఏం పోయిందో చూడడానికి వాడు మర్నాడు రాడు. చంపడం కన్నా, చంపిన సంగతే తెలియకుండా చంపడం నాకు పెద్ద తప్పుగా కనబడుతుంది.

మామ: చచ్చే చేపకేం తేడా? నీ గాలానికైనా చావే, ఊపిరాడకైనా చావే.

నేను: చచ్చిన చేపకు తేడా లేదు. మిగిలిన చేపకు ఉంది. నేను ఒకదాన్ని తీసుకుంటే మిగతావాటికి చెరువు చెరువుగానే ఉంటుంది. తుంగ ఉంటుంది, తామర ఉంటుంది, వాటి కింద పురుగూ పుట్రా ఉంటాయి, చేపపిల్లలు దాక్కునే నీడ ఉంటుంది. మందు డెక్కనూ తామరనూ వేరుచేసి చూడదు. చేపతో పాటు చేప బతికే చోటును కూడా తీసుకుంటుంది.

మామ: రేపు మళ్లీ పట్టుకోవాలనే కదా నీ ప్రేమంతా?

నేను: అవును. అందులో నా స్వార్థం ఉంది, ఉండనీ. నీళ్ల మీద నీ ప్రేమ వరి కోసం కాదా? రేపు కూడా కావాలనుకునేవాడే ఇవాళ కాపాడతాడు. చెరువుతో రేపు ఏ అవసరమూ లేనివాడి చేతికి చెరువును అప్పగించడమే నాకు భయం. వాడికి చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. పని ముగిస్తాడు, బిల్లు తీసుకుంటాడు, పోతాడు. నువ్వు పోలేవు. నేను పోలేను. బొచ్చె అసలే పోలేదు.

మామ: చేపంటే గుర్తొచ్చె. కొరమీను పిల్లల్ని కాస్తాదంట, నిజమేనా?

నేను: నిజం. లోతు తక్కువ చోట, తుంగ మధ్యలో ఆకులు తొలగించి ఒక గుండ్రటి జాగా చేసుకుంటుంది. గుడ్లు నీటి మీద తేలతాయి. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు ఎర్రగా, ముద్దగా గుంపు కట్టి తిరుగుతాయి. పెద్ద చేప ఆ గుంపు కింద కాపలా ఉంటుంది. కప్ప వచ్చినా, ఇంకో చేప వచ్చినా మీదికి దూకుతుంది. పిల్లలు తమంతట తాము తిరిగేదాకా విడిచిపెట్టదు. ఎర్ర గుంపు కనబడితే తెలిసినవాడు అక్కడ గాలం వెయ్యడు.

మామ: అది తెలిసి చేస్తాదా? ధర్మమని ఎరుకుంటాదా దానికి?

నేను: తెలియదనే అనుకుందాం. తెలియకుండా కాసినా కాపలా కాపలానే. పిల్లలు బతుకుతున్నాయి కదా.

మామ: అయితే ధర్మానికి ఎరుకతో పని లేదన్నమాట. మా తాత చెప్పేవాడు, వానలకు ముందు ఇంటికొక మనిషి పార పట్టుకుని చెరువు కట్ట మీదికి పోవాలని. ఎందుకు పోవాలని ఎవరూ అడిగేవాళ్లు కాదంట. అంతే, పొయ్యేవాళ్లు.

నేను: కుడిమరామతు అనేవాళ్లు దాన్ని. మనం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర ఆర్కాటు జిల్లా. ఆ అలవాటు చెడిపోతోందని మద్రాసు ప్రభుత్వం 1858లో చట్టమే చేసింది, కట్ట తెగే ప్రమాదం వస్తే ఊళ్లోవాళ్లు చాకిరీకి రావాలని.

మామ: చట్టం పెట్టినారంటే అప్పటికే జనం రావడం మానేసినారన్నమాట.

నేను: అవును. ఇంకో మాట కూడా చెప్పాల. నీళ్లు పారేది ఒకరి పొలానికి, పార పట్టేది సెంటు భూమి లేనివాడు. అది మళ్లీ రాకూడదు. రావాల్సింది ఏందంటే, చెరువు బాగోగులు చెరువు మీద బతికేవాళ్ల పనే అన్న ఆలోచన. మందు కొట్టడంలో నాకు నచ్చనిది అదే. పది మంది కూడి చూసుకోవాల్సిన పని ఒక డబ్బా ఖర్చుకు దిగిపోతుంది.

మాట ఎక్కడికో పోయిందని ఇద్దరికీ తెలుసు. మామే వెనక్కి తెచ్చాడు.

మామ: కూలోళ్లు దొరకరబ్బా. డెక్క ఎవరు పీకుతారు?

నేను: పచ్చి డెక్కలో నూటికి 90 పాళ్లకు పైగా నీళ్లే. నిండు చెరువులో లాగితే నడుములు పోతాయి. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు అది గడ్డ మీద పడి ఎండుతుంది. అప్పుడు పోగు చేస్తే మోత తేలిక. ఉపాధి హామీలో చెరువు పూడిక తీస్తూనే ఉన్నారు, ఆ కూలీలతోనే, ఆ కూలితోనే ఇదీ తీయించొచ్చు. తూము కాడ మాత్రం ఇప్పుడే తియ్యాల, దానికి నలుగురు మనుషులు చాలు.

మామ: పురుగును వదిలినా డెక్క పోతాదంటారే.

నేను: బెంగుళూరులో ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు 1980లలో నియోకెటినా అనే ముక్కు పురుగును బయటి దేశం నుంచి తెచ్చి చెరువుల్లో వదిలారు. కొన్ని చెరువుల్లో డెక్క బాగా తగ్గింది. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సులోనూ 1990లలో అదే పురుగును వదిలారు. దానికి ఏళ్లు పడుతుంది, ఏడాది పొడుగునా నీళ్లుండాల. మన చెరువు ఎండిపోతే పురుగూ పోతుంది. గడ్డి చేప నాచు తింటుంది గానీ డెక్కను పెద్దగా ముట్టదు.

మామ: ఇంతకీ వాళ్లు కొట్టేది ఏ మందో?

నేను: ఎక్కువగా 2,4-డీ, లేకుంటే గ్లైఫోసేట్. 2,4-డీ నీకు తెలిసిందే, వరిలో వెడల్పాకు కలుపుకు కొడతావు. టమోటాకు అది ఏ కొంచెం తగిలినా ఆకులు ముడుచుకుని కాడలు మెలికలు తిరుగుతాయి. మందు కొట్టిన చెరువు నీళ్లు నీ టమోటా మడికి పారితే?

మామ: ఓరి నీ... అది ఎవరూ చెప్పలేదే!

నేను: గ్లైఫోసేట్ సంగతి చూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దాన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ ఒప్పుకోలేదు. ఆ తగువు వాళ్లు తేల్చుకోనీ. మన దేశంలో 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. గట్ల మీద గడ్డికి కొట్టే గ్లైఫోసేట్ డబ్బాల్లో ఆకుకు అంటుకోవడానికని కలిపే సబ్బులాంటి పదార్థం తోకకప్పలను, చేపలను చంపుతుంది. నేలకు అమ్మే డబ్బాను నీళ్లలో కుమ్మరిస్తే జరిగేది అదే.

మామ: ఇంక చాల్లే అల్లుడా. మందు వద్దనే చెప్తా నేను. కానీ గాలం వేసేవాళ్ల మాట ఎవరు వింటారు?

నేను: విన్నచోటు ఉంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఓకీచోబీ అని పెద్ద సరస్సు. అక్కడా ఇదే డెక్క, ఇవే మందులు. మందు వల్ల చేపలకు నీడ లేకుండా పోతోందని గాలం వేసేవాళ్లు గట్టిగా అడిగితే, 2019 జనవరి చివర్లో ఆ రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల కమిషన్ రాష్ట్రమంతా చెరువుల్లో మందు కొట్టడం ఆపి, పలుచోట్ల సభలు పెట్టి జనం మాట విన్నది.

మామ: తర్వాత?

నేను: మార్చిలో మళ్లీ మొదలుపెట్టారు.

మామ: అంటే ఓడిపోయినారు.

నేను: అయినా కొన్నాళ్లు ఆపారు. జనాన్ని అడగాల్సి వచ్చింది. మనకు ఆ మొదటి మెట్టు కూడా లేదు.

మామతో మాట అక్కడికి ముగిసింది. చదివేవాళ్లకు ఇంకొక మాట చెప్పాలి. చిత్తూరు జిల్లాలో చాలా చెరువులు గొలుసు చెరువులు. పై చెరువు మరవ (అలుగు) పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి దిగుతాయి; 2021 నవంబరు వానల్లో అది అందరమూ చూశాం. కాబట్టి మందు ఒక ఊరి చెరువులో కొట్టినా అది ఒక్క ఊరి వ్యవహారం కాదు. మీ చెరువుకు మందు కొట్టాలనే తీర్మానం వస్తే గ్రామసభలో లేచి నిలబడండి. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని దినాలు ఆ నీళ్లు పంటకూ పశువుకూ పెట్టకూడదు, కుళ్లిన ఆకును ఎవరు బయటికి తీస్తారు అని అడిగి, జవాబులు కాగితం మీద రాయించండి. ఆ సభకు వల వేసేవాళ్లను, గాలం వేసేవాళ్లను, బట్టలుతికేవాళ్లను, ఎనుములు తోలేవాళ్లను, కింది చెరువు ఊరివాళ్లను పిలవండి. వాళ్లు రాకముందే మందు యంత్రం వస్తే, దాన్ని గట్టు ఎక్కనివ్వకండి.