వాడపల్లి దీపం - వాయు స్వరూపం

సూర్యాపేట నుండి గాని, కోదాడ నుండి గాని బయలుదేరిన యాత్రికులు మిర్యాలగూడ మీదుగా కృష్ణా మూసీ సంగమ క్షేత్రమైన వాడపల్లి చేరుతారు. అచ్చటి శ్రీ లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో రెండు దీపాలు వెలుగుతుంటాయి. క్రింది దీపం నిశ్చలంగా ఉంటుంది. స్వామి నాసిక ఎత్తున ఉన్న దీపం మాత్రం సదా రెపరెపలాడుతుంది. అది స్వామివారి ఉచ్ఛ్వాస నిశ్వాసల ప్రభావమని భక్తుల విశ్వాసం.

పావనం చేసేవాటిలో వాయువును తానేనని గీతాచార్యుడు విభూతియోగంలో సెలవిచ్చాడు. చేతనాచేతనాత్మకమైన జగత్తంతా శ్రీమన్నారాయణుని శరీరమని భగవద్రామానుజులు బోధించారు. అట్లయితే జీవులు పీల్చే గాలి కూడా ఆ దివ్యశరీరంలోనిదే కదా!

ఈ గాలి ఒక్కనాటిలో ఏర్పడినది కాదు. సుమారు 450 కోట్ల సంవత్సరాల క్రితం భూమి పుట్టిన తరువాత అగ్నిపర్వతాలు నీటి ఆవిరిని, బొగ్గుపులుసు వాయువును, నత్రజనిని వెలిగ్రక్కాయి. ప్రాణవాయువు నాడు లేదనే చెప్పాలి. సముద్రాలలోని కంటికి కానరాని సూక్ష్మజీవులు సూర్యకాంతిని ఆహారంగా మలచుకొంటూ దానిని విడిచాయి. సుమారు 240 కోట్ల ఏండ్ల క్రితం అది ఆకాశంలో నిలువసాగింది. నేడు గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువే. అత్యల్ప జీవుల కైంకర్యం సకల ప్రాణికోటికి ఊపిరి అయింది.

ఇక బొగ్గుపులుసు వాయువులో చాలభాగం కడలిలో కరిగి, సున్నపురాయిగా మారి భూగర్భంలో ఒదిగిపోయింది. కోదాడకు చేరువలోని మేళ్లచెరువు, మట్టంపల్లి ప్రాంతాల రాతి నిక్షేపాలు అట్టివే. సిమెంటు కొలిమిలో 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి కాలితే 44 కిలోల బొగ్గుపులుసు వాయువు తిరిగి గాలిలో కలుస్తుంది. కొలిమిని మండించే బొగ్గు పొగ దీనికి అదనం. వాడపల్లికి సమీపాన దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం వెలసింది. సాగరు ఎడమ కాలువ క్రింద నిత్యం నీరు నిలిచే వరిమళ్ల నుండి మీథేన్ వాయువు వెలువడుతుంది.

యంత్రయుగానికి పూర్వం పది లక్షల పాళ్ల గాలిలో 280 పాళ్లున్న బొగ్గుపులుసు వాయువు నేడు 420 దాటింది. ఇది భూమి వేడిని బయటకు పోనీయక కప్పిఉంచే దుప్పటి వంటిది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు నూటికి ఏడు పాళ్లు అధికంగా తేమను మోయగలదు. అందువల్లనే కుంభవృష్టి తీవ్రత పెరుగుతున్నది. 2024 సెప్టెంబరు మొదట కోదాడ వీధులను ముంచిన వరద ఆ రానున్న కాలపు రూపును చూపింది.

అయితే ఇల్లు కట్టవద్దా? దీపం వెలిగించవద్దా? స్వామికి అన్నం నివేదించవద్దా? శాస్త్రం అట్లు చెప్పదు. అనుభవించడం దోషం కాదు. అవసరాన్ని మించి ఆశించడమే దోషం. కోతల అనంతరం గడ్డికి నిప్పు పెట్టక పశువులకు వేసే రైతు, మడిని నడుమనడుమ ఆరబెట్టి నీరు పెట్టే రైతు, వృథాగా వెలిగే విద్యుద్దీపాన్ని ఆర్పే గృహిణి - వీరందరూ భగవత్కైంకర్యపరులే.

వాడపల్లిలో దీపం ముందు చేతులు జోడించే భక్తుడు ఇల్లు చేరిన పిమ్మట కూడా ఆ ఊపిరిని మరువకుండుగాక! గాలిని కలుషితం చేయకుండా ఉండటమే శ్రీ నృసింహునికి నిత్యారాధనం.